పెద్ద హాలుకు ఎయిర్ ప్యూరిఫయర్: చదరపు అడుగుల లెక్కలోని తిరకాసు

ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలని షాపుకు వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా ముందుగా కంటపడేది ఒకే అంకె: "500 చదరపు అడుగుల గదికి సరిపోతుంది". మన హాలు 360 చదరపు అడుగులే కదా, ఇంకా మిగులుతుందిలే అనుకుని డబ్బు కట్టేస్తాం. తీరా ఇంటికొచ్చాక పడకగదిలో పెడితే బాగానే పనిచేస్తుంది, హాలులో పెడితే ఉన్నట్టూ తెలియదు, లేనట్టూ తెలియదు. యంత్రంలో లోపమేమీ ఉండదు. ఆ 500 చదరపు అడుగులు ఎవరి ఇంటి లెక్కన వేశారన్నదే అసలు సంగతి.

గాలిని చదరపు అడుగుల్లో కొలవడంలోనే మొదటి తిరకాసు ఉంది. ప్యూరిఫయర్ శుభ్రం చేయాల్సింది నేలకూ స్లాబుకూ మధ్య ఉన్న గాలిని. అమెరికా లెక్కల్లో పైకప్పు ఎత్తు 8 అడుగులని పెట్టుకుంటారు. హైదరాబాదు, విజయవాడ అపార్టుమెంట్లలో స్లాబు సాధారణంగా తొమ్మిదిన్నర, పది అడుగుల ఎత్తున ఉంటుంది. పాతకాలపు మిద్దె ఇళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే అవే చదరపు అడుగుల్లో మన దగ్గర ఇరవై, పాతిక శాతం ఎక్కువ గాలి ఉంటుంది.

రెండో తిరకాసు, హాలు ఎక్కడ ముగుస్తుందన్నది. బిల్డరు ఇచ్చిన ప్లానులో హాలు 15 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు అని రాసి ఉంటుంది. కానీ దానికి ఆనుకుని తలుపులేని వంటిల్లు, పడకగదుల వైపు వెళ్లే నడవా ఉంటాయి. ప్లానులో గీసిన గీతలు గాలికి పట్టవు. మూసుకునే తలుపు ఎక్కడ ఉందో అక్కడి దాకా అంతా ఒకే గది. ఇలా చూస్తే 360 చదరపు అడుగుల హాలు తేలిగ్గా 520 అవుతుంది. పెద్ద గదికి ప్యూరిఫయర్ ఎంచుకునేవాళ్లు టేపు పట్టుకుని మొదట చేయాల్సింది ఈ కొలతే. డ్యూప్లెక్సు ఇంట్లో మెట్లు హాలులో నుంచే పైకి వెళుతుంటే పై అంతస్తు నడవాను కూడా కలుపుకోవాలి.

అసలు చూడాల్సిన అంకె

ఆ అంకె పేరు సీఏడీఆర్. గంటకు ఎంత శుభ్రమైన గాలిని యంత్రం గదిలోకి వదులుతుందో అది చెబుతుంది. దీన్ని కొలిచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అమెరికా గృహోపకరణాల తయారీదారుల సంఘం ఏహెచ్ఏఎమ్. 1008 ఘనపు అడుగుల మూసిన గదిలో పొగాకు పొగ, ధూళి, పుప్పొడి విడివిడిగా నింపి, యంత్రం నడిచినప్పుడు అవి ఎంత త్వరగా తగ్గుతాయో చూస్తారు. యంత్రం లేకుండా వాటంతట అవే తగ్గే వేగాన్ని అందులోంచి తీసేస్తారు. మిగిలినదే యంత్రం ప్రతాపం. మూడింటిలో మనకు కావలసింది పొగ అంకె. మన ఊళ్లలో గుండెకూ ఊపిరితిత్తులకూ చేటు చేసే పీఎం 2.5 కణాలకు, అంటే 2.5 మైక్రాన్లకు మించని సన్నటి కణాలకు, దగ్గరగా ఉండేది అదే.

1008 ఘనపు అడుగులంటే 8 అడుగుల ఎత్తున్న సుమారు 126 చదరపు అడుగుల గది, ఒక చిన్న పడకగది అన్నమాట. పెద్ద హాలులో సోఫాల వెనకా, మూలల్లోనూ గాలి ఎలా కదులుతుందో ఆ పరీక్షకు తెలియదు. పైగా కొలిచేది యంత్రం గరిష్ఠ వేగంలో. ఈ రెండో విషయం దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే పెద్ద గది కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సీఏడీఆర్‌ను చదరపు అడుగుల్లోకి మార్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో సూత్రం వాడతారు. ఏహెచ్ఏఎమ్ లెక్కలో నిమిషానికి ఘనపు అడుగుల్లో ఉన్న పొగ సీఏడీఆర్‌ను 1.55తో గుణిస్తే గది వైశాల్యం వస్తుంది. గది గాలి గంటకు ఐదుసార్లకు కాస్త తక్కువగా, 4.8 సార్లు శుభ్రపడాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. చైనా ప్రమాణంలో గంటకు ఘనపు మీటర్లలో ఉన్న సీఏడీఆర్‌ను 0.07 నుంచి 0.12 వరకు ఏదో ఒక గుణకంతో గుణిస్తే చదరపు మీటర్లు వస్తాయి. అమ్మేవాళ్లు ఏ చివరి గుణకాన్ని ఎత్తుకుంటారో ఊహించడం కష్టం కాదు. 0.12 పట్టుకుంటే 387 ఘనపు మీటర్ల సీఏడీఆర్ ఉన్న యంత్రం మీద దర్జాగా 500 చదరపు అడుగులు అని రాసుకోవచ్చు. పదడుగుల స్లాబున్న నిజమైన 500 చదరపు అడుగుల గదిలో అదే యంత్రం పూర్తి వేగంతో నడిచినా గంటకు 2.7 సార్లకు మించి గాలిని శుభ్రం చేయలేదు. గంటకు ఒక్కసారి శుభ్రపడితే చాలన్నట్టుగా వేల చదరపు అడుగులు ప్రకటించే ఘనులూ ఉన్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టి మన లెక్క మనం వేసుకోవడమే మేలు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించాలి. 15, 24, 10 గుణిస్తే 3600 ఘనపు అడుగులు. గంటకు ఐదుసార్లు కావాలంటే 18,000. దాన్ని 60తో భాగిస్తే నిమిషానికి 300 ఘనపు అడుగులు. 1.7తో గుణిస్తే గంటకు 510 ఘనపు మీటర్లు. వంటిల్లు, నడవా కలిసిన 520 చదరపు అడుగుల లెక్కన అయితే 735 దాటుతుంది.

ఈ 1.7 దగ్గర చాలామంది తడబడతారు. మన దేశంలో అమ్మే డబ్బాల మీద సాధారణంగా గంటకు ఘనపు మీటర్లు ఉంటాయి, అమెరికా వెబ్‌సైట్లలో నిమిషానికి ఘనపు అడుగులు. డాలస్‌లో ఉన్న అన్నయ్య "300 సీఏడీఆర్ ఉన్నది తీసుకో, మా హాలుకు బ్రహ్మాండంగా సరిపోయింది" అంటే ఆయన చెప్పేది మన కొలతలో 510. ఇక్కడ డబ్బా మీద 300 చూసి కొంటే అందులో పదింట ఆరు పాళ్లు కూడా రాదు. ఆ యంత్రాన్నే సామానుతో పాటు పంపిస్తానంటే మర్యాదగా వద్దనండి. అది 120 వోల్టులది, మన ప్లగ్గులో 230 ఉంటుంది.

ఐదుసార్లే ఎందుకు

గది ఎంత మూసినా కిటికీల సందుల నుంచి, తలుపు కింద నుంచి బయటి గాలి వస్తూనే ఉంటుంది. గంటకు గదిలో ఉన్నంత గాలి ఒకసారి మారుతుందనుకుందాం. శీతకాలపు ఉదయం బయట పీఎం 2.5 ఘనపు మీటరుకు 90 మైక్రోగ్రాములు ఉందనుకుంటే, యంత్రం గంటకు రెండుసార్లు గాలిని శుభ్రం చేస్తే లోపల 30 దగ్గర నిలుస్తుంది. ఐదుసార్లయితే 15. పదిసార్లయితే 8. రెండు నుంచి ఐదుకు వెళ్లినప్పుడు దక్కిన లాభం ఐదు నుంచి పదికి వెళ్లినప్పుడు దక్కదు, ఖర్చు మాత్రం రెట్టింపవుతుంది. పైగా ఆ 15, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇరవై నాలుగు గంటల సగటుకు పెట్టిన పరిమితి. మన జాతీయ ప్రమాణాల్లో అదే పరిమితి 60.

ఇప్పుడు ఒక కిటికీ తెరవండి. గంటకు ఒకసారి మారే గాలి ఐదుసార్లు మారుతుందనుకుంటే, అదే యంత్రంతో లోపల 15 కాస్తా 45 అవుతుంది. కిటికీలు బార్లా తీసి ప్యూరిఫయర్ నడపడం చిల్లుకుండలో నీళ్లు నింపడమే. అలాగని రోజంతా మూసి కూర్చోమనీ కాదు. శీతకాలంలో తెల్లవారుజామున, రాత్రిపూట నేల దగ్గరి చల్లగాలి కదలక పొగంతా కిందే నిలిచిపోతుంది. మధ్యాహ్నానికి ఎండకు ఆ పొర విడిపోయి గాలి పైకి కలుస్తుంది. కిటికీలు తెరవడానికి అదే వేళ. మీ ఊళ్లో ఏ గంటకు ఎంత ఉందో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్‌లో కనిపిస్తుంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం మూడూ ఉన్నాయన్నది గుర్తుంచుకుంటే చాలు, ఇది ఢిల్లీ వాళ్ల బాధ మాత్రమేనన్న భ్రమ పోతుంది. అయినా మన దగ్గర ఏడాది పొడవునా నడపాల్సిన అవసరం చాలా ఇళ్లకు ఉండదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, దీపావళి వారం, పక్కన ఇల్లు కూలగొట్టి కట్టేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. వానాకాలంలో దాన్ని తుడిచి పక్కన పెట్టినా నష్టం లేదు.

చప్పుడు తేల్చే లెక్క

ఇక వాయిదా వేసిన విషయానికి వద్దాం. డబ్బా మీది సీఏడీఆర్ గరిష్ఠ వేగంలోది. ఆ వేగంలో పెద్ద యంత్రాలు చాలావరకు 55, 60 డెసిబెళ్ల చప్పుడు చేస్తాయి. హాలు అంటే టీవీ, ఫోను మాటలు, పిల్లల చదువు, అత్తగారి మధ్యాహ్నపు కునుకు. పది నిమిషాల్లో ఎవరో ఒకరు లేచి వేగం తగ్గిస్తారు. ఆ క్షణంలో మీరు కొన్న 510 కాస్తా 200 అవుతుంది. తక్కువ వేగంలో సీఏడీఆర్ ఎంతో చెప్పే కంపెనీలు అరుదు. గాలి ప్రవాహమైనా వేగాలవారీగా ఇచ్చారేమో మాన్యువల్‌లో వెతకాలి. నన్నడిగితే, పెద్ద గదికి ప్యూరిఫయర్ కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది ఒక్కటే: మా ఇంట్లోవాళ్లు భరించగలిగే చప్పుడులో ఇది గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుంది?

ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలీ దాదాపు సగానికి తగ్గుతుంది. కానీ చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు పడిపోతుంది, ఫ్యానుకు పట్టే శక్తి ఎనిమిదో వంతుకు దిగుతుంది. ఒకేలాంటి రెండు యంత్రాలను పక్కపక్కన పెడితే పెరిగే చప్పుడు 3 డెసిబెళ్లే. కలిపి చూడండి: ఒక యంత్రాన్ని పూర్తి వేగంతో నడపడం కన్నా, అలాంటివే రెండింటిని సగం వేగంతో నడిపితే అదే గాలి వస్తుంది, చప్పుడు మాత్రం 12 డెసిబెళ్లు తగ్గుతుంది. చెవికి అది సగం కన్నా తక్కువగా వినిపిస్తుంది.

అందుకే పెద్ద హాలుకు ఒక భారీ యంత్రం కన్నా రెండు మధ్యరకం యంత్రాలే నయమని నా అభిప్రాయం. ఎల్ ఆకారపు హాలులో ఒకటి సోఫా వైపు, ఇంకొకటి డైనింగు బల్ల వైపు ఉంటే మూలల గాలి కూడా కదులుతుంది. రాత్రి ఒకదాన్ని పడకగదికి తీసుకెళ్లవచ్చు. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుంది. రెండు ఫిల్టర్లు కొనాలి కదా అంటే, ఒక్కో ఫిల్టరు గుండా సగం గాలే వెళుతుంది కాబట్టి ఒక్కోటీ ఎక్కువ కాలం వస్తుంది. హాలు ఒకే పెట్టెలా చతురస్రంగా ఉండి, నిజంగా పెద్ద ఫ్యాను, పెద్ద ఫిల్టరు ఉన్న యంత్రం దొరికితే ఒక్కటైనా ఫర్వాలేదు. అప్పుడు కూడా లెక్కలో వచ్చిన సీఏడీఆర్‌కు ఒకటిన్నర రెట్లన్నా ఉన్నదాన్నే చూడాలి.

సీలింగు ఫ్యాను ఇక్కడ మన పాలిట వరం. సీఏడీఆర్ లెక్క గదిలో గాలంతా కలిసిపోతుందన్న నమ్మకం మీద నడుస్తుంది. సీలింగు ఫ్యాను ఒకటో రెండో నంబరులో తిరుగుతుంటే ఆ పని అదే చేసిపెడుతుంది. యంత్రాన్ని సోఫా వెనక దాచి, కర్టెను కప్పి పెడితే మాత్రం ఏ లెక్కా పనిచేయదు. గాలి పీల్చే వైపు కనీసం ఒక అడుగు ఖాళీ ఉండాలి.

ఆటో మోడ్‌ను కూడా పెద్ద గదిలో గుడ్డిగా నమ్మకూడదు. సెన్సారు ఉండేది యంత్రంలోనే. తన చుట్టూ గాలి శుభ్రపడగానే పచ్చదీపం వెలిగించి వేగం తగ్గించుకుంటుంది. ఇరవై అడుగుల అవతల డైనింగు బల్ల దగ్గర పోపు పొగ అలాగే తేలుతుంటుంది. ఇంట్లో ఉన్నంతసేపూ భరించగలిగే వేగాన్ని మనమే పెట్టుకోవడం, బయటికి వెళ్లేటప్పుడు గరిష్ఠానికి పెంచి వెళ్లడం మంచి పద్ధతి. కరెంటు ఖర్చుకు మరీ భయపడక్కర్లేదు. 50 వాట్ల యంత్రం రోజంతా నడిచినా నెలకు 36 యూనిట్లు. అయితే ఆ 36 యూనిట్లతో మీ బిల్లు పై స్లాబులోకి ఎక్కుతుందేమో చూసుకోండి.

హెపా మోజు

అమ్మేవాళ్లు ఎక్కువసేపు మాట్లాడేది హెపా గురించే, అంటే సన్నటి కణాలను పట్టే ఫిల్టరు గురించి. ఫిల్టర్ల తరగతుల్లో హెచ్13 అంటే ఐరోపా ప్రమాణంలో, పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన పరిమాణపు కణాల్లో 99.95 శాతం ఆపేది. హెచ్14 అయితే 99.995. ఇ11 తరగతి 95 శాతం. "0.3 మైక్రాన్లే కాదు, 0.1 మైక్రాన్ కణాన్నీ పడుతుంది" అని ఎవరైనా గొప్పగా చెబితే ఆశ్చర్యపోవద్దు. 0.3 దరిదాపుల్లోని కణాలే పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనవి. అంతకన్నా పెద్దవి నేరుగా పోగులకు తగులుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ చెదురుతూ ఏదో ఒక పోగుకు అతుక్కుపోతాయి. 0.1 మైక్రాన్ కణం పట్టుబడటంలో అద్భుతమేమీ లేదు.

ఆపరేషన్ థియేటర్లలో 99.95కూ 99.995కూ తేడా ముఖ్యం కావచ్చు. హాలులో కాదు. గది గాలి యంత్రంలోంచి మళ్లీ మళ్లీ వెళుతూనే ఉంటుంది కాబట్టి ఇక్కడ లెక్కకొచ్చేది ఎంత గాలి వెళ్లింది, అందులో ఎంత వడకట్టింది అన్న రెంటి గుణకారం. గంటకు 300 ఘనపు మీటర్లను 99.95 శాతం శుభ్రం చేసే యంత్రం ఇచ్చేది 300. గంటకు 400 ఘనపు మీటర్లను 95 శాతం శుభ్రం చేసేది ఇచ్చేది 380. పెద్ద గదిలో రెండోదే గెలుస్తుంది. కోవిడ్ కాలంలో, 2020లో, రిచర్డ్ కోర్సి అనే ఇంజనీరింగు ప్రొఫెసరు, జిమ్ రోసెంతాల్ అనే ఫిల్టర్ల వ్యాపారి పేర్లతో అమెరికాలో వాడుకలోకి వచ్చిన పెట్టె ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. 20 అంగుళాల పెట్టె ఫ్యానుకు నాలుగు మెర్వ్ 13 (అమెరికా లెక్కలో ఒక తరగతి) ఫిల్టర్లు టేపుతో అతికించడమే. హెపా కాదు, అయినా బోలెడంత గాలిని శుభ్రం చేస్తుంది. ఆ కొలతల ఫిల్టర్లు మన బజారులో తేలిగ్గా దొరకవు కాబట్టి ఇక్కడ అది పెద్దగా ఉపయోగపడే సలహా కాదు. ఫిల్టరు తరగతి రాయకుండా "హెపా తరహా" అని మాత్రమే రాసి, సీఏడీఆర్ కూడా చెప్పని యంత్రాన్ని మాత్రం ధర ఎంత తక్కువైనా ముట్టుకోవద్దు.

వాయువుల దగ్గర హెపా చేతులెత్తేస్తుంది. వాసనలు, పెయింటు ఆవిర్లు పట్టాలంటే యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అదీ బరువు తూగేంత. ఫిల్టరు వెనక నల్లటి పలుచటి రేకులా ఉండేది కొద్ది వారాల్లో నిండిపోతుంది. కార్బన్ మోనాక్సైడును ఇదీ ఆపదు, అదీ ఆపదు. మనం వదిలే కార్బన్ డయాక్సైడునూ అంతే. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది తప్ప బయటి గాలిని తేదు కాబట్టి, పదిమంది చుట్టాలు కూర్చున్న మూసిన హాలులో ప్యూరిఫయర్ తెర పీఎం 2.5 కేవలం 5 అని చూపిస్తున్నా తల బరువెక్కుతుంది. అయనైజరు (గాలిలోని కణాలకు విద్యుదావేశం ఇచ్చే భాగం) ఉంటే దాన్ని ఆపేసుకునే బటను ఉందో లేదో చూడండి. కొన్నిటి నుంచి ఓజోన్ వస్తుంది, అది ఊపిరితిత్తులను మండిస్తుంది. కాలిఫోర్నియాలో అమ్మే యంత్రాలకు దీని మీద 0.050 పీపీఎం పరిమితి ఉంది.

ఇంట్లోనే పుట్టే పొగ

ఎంత మంచి యంత్రమైనా ఒక్క దోమల కాయిల్ ముందు ఓడిపోతుంది. ఒక కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లు వదిలేంత పీఎం 2.5 వస్తుందని 2003లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ప్యూరిఫయర్‌కు వేలు పోసి, పక్కనే కాయిల్ వెలిగించే ఇళ్లు తక్కువేమీ కాదు. కిటికీకి దోమల జాలీ కొట్టించడం అంతకన్నా చవక. సాంబ్రాణి, అగరబత్తి మానమని ఎవరికీ చెప్పలేం. పూజగది తలుపు దగ్గరకు వేసి, బయటివైపు కిటికీ తీస్తే చాలా పొగ అటే పోతుంది. వంటింట్లో గొట్టం ద్వారా పొగను బయటికి పంపే చిమ్నీ ఉంటే మిరపకాయల పోపు హాలుదాకా రాదు. గొట్టం లేని చిమ్నీ నూనెను పడుతుందే గానీ పొగలోని సన్నటి కణాలను మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ప్యూరిఫయర్‌ను పొయ్యికి దగ్గరగా మాత్రం పెట్టకండి. నూనె ఆవిరి తగిలిన ఫిల్టరు జిడ్డుపట్టి నెలల్లోనే మూసుకుపోతుంది.

కొన్నాక లెక్క సరిపోయిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. విడిగా ఒక చిన్న పీఎం 2.5 మీటరు కావాలి, యంత్రం తెర మీది అంకె పనికిరాదు. బయటి గాలి బాగున్న రోజున కిటికీలన్నీ మూసి, సీలింగు ఫ్యాను నెమ్మదిగా తిప్పుతూ, హాలు మధ్యలో రెండు అగరబత్తులు కాల్చి ఆర్పేయండి. మీటరును యంత్రానికి దూరంగా, సోఫా చేయి మీద పెట్టండి. అంకె 200 దాటాక యంత్రాన్ని మీరు రోజూ నడపబోయే వేగంలో పెట్టి, 200 నుంచి 100కు ఎన్ని నిమిషాల్లో దిగిందో చూడండి. ఎనిమిది నిమిషాలైతే గంటకు ఐదుసార్లు శుభ్రపడుతున్నట్టు. పదిహేడు నిమిషాలైతే రెండున్నర. నలభై దాటితే ఒక్కసారి. కణాలు వాటంతట అవీ కొంత తగ్గుతాయి కాబట్టి యంత్రం అసలు వాటా ఇంకాస్త తక్కువే. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు వాపసు గడువు ముగియకముందే ఈ పని చేయడం మంచిది.

వచ్చిన నిమిషాలను ఫిల్టరు అట్ట మీద తేదీతో సహా రాసిపెట్టుకోండి. ముందుండే జాలీని రెండు వారాలకోసారి దులపాలి, హెపాను మాత్రం కడగకూడదు. చాలా యంత్రాల్లో ఫిల్టరు మార్చమనే ఎర్రదీపం నడిచిన గంటలను లెక్కపెడుతుందే తప్ప లోపల పేరుకున్న దుమ్మును చూడదు. పక్కన కట్టడం జరుగుతుంటే ఫిల్టరు ఆ దీపం వెలగకముందే నిండిపోవచ్చు, శుభ్రమైన ఇంట్లో వెలిగాక కూడా నెలల తరబడి పనిచేయవచ్చు. మూడు నెలలకోసారి అగరబత్తి పరీక్ష అదే వేగంలో మళ్లీ చేసి, మొదటిసారి ఎనిమిది నిమిషాలు పట్టింది పదహారు అయినప్పుడు కొత్త ఫిల్టరు తెప్పించుకోండి.